గుండె వాల్వు సైజు ఎలా కొలుస్తారు? ఎకోలో రాసిన అంకె, వేసిన వాల్వు అంకె ఎందుకు కలవవు?

కర్నూలు పెద్దాసుపత్రికి నంద్యాల, ఆదోని, డోన్ వాళ్ళే కాదు, బళ్ళారి, రాయచూరు వైపు నుంచి కూడా జనం వస్తారు. గుండె వాల్వు మార్చిన మనిషిని ఇంటికి పంపే రోజున చుట్టాల నోట తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. "సార్, ముందు తీసిన ఎకోలో ఇరవై రెండు అని రాసినారు. ఇప్పుడేమో పందొమ్మిది వేసినామంటున్నారు. మా అమ్మకు చిన్నది వేసినారా?" అడిగేటప్పుడు గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంటుంది. డబ్బు కట్టకుండా జరిగిన ఆపరేషన్ కాబట్టి ఏదో తక్కువ రకం సర్దేశారేమో అన్న అనుమానం కూడా దాని వెనక ఉంటుంది.

సీమకు గుండె ఆపరేషన్ కొత్తేమీ కాదు. 1991 నవంబరులో పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో సత్యసాయి ఆసుపత్రి మొదలైంది. అక్కడ గుండె ఆపరేషన్లు ఉచితం. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని ముందుగా మూడు జిల్లాల్లో ప్రారంభిస్తే వాటిలో అనంతపురం ఒకటి. అందుకే ఎకో (శబ్ద తరంగాలతో గుండె బొమ్మ తీసే పరీక్ష), వాల్వు, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్ష) అనే మాటలు ఇక్కడ పల్లెల్లో కూడా వినిపిస్తాయి. సైజు సంగతి మాత్రం ఎవరూ విడమరిచి చెప్పరు. వాల్వు సైజు ఒక్క అంకెలో ఇమిడే విషయం కాదు. ఆ అంకె దేన్ని సూచించాలన్న దాని మీద కంపెనీల మధ్య, సర్జన్ల మధ్య ఇప్పటికీ పూర్తి ఒప్పందం లేదు. పై ప్రశ్నకు జవాబు కావాలంటే కొలత మొదలయ్యే చోటి నుంచి రావాలి.

కొలవాల్సిన వలయం ఎక్కడుంది

గుండెలో నాలుగు వాల్వులు, అంటే రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే రెక్కల తలుపులు, ఉంటాయి. మార్చాల్సి వచ్చేవి ఎక్కువగా ఎడమ వైపు రెండే. మైట్రల్ వాల్వు ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉంటుంది. అయోర్టిక్ వాల్వు ఆ కింది గది నుంచి ఒంటికంతా రక్తం వెళ్ళే పెద్ద ధమని మొదట్లో ఉంటుంది. చిన్నతనంలో గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం మన దేశంలో వాల్వులను పాడుచేసే పెద్ద కారణాల్లో ఒకటి. దాని దెబ్బ ఎక్కువగా మైట్రల్ మీద పడుతుంది. పెద్ద వయసులో అయోర్టిక్ వాల్వు రెక్కలకు సున్నం పట్టి బిగుసుకుపోవడం ఇంకో దారి.

రెక్కలు గుండె గోడకు అతుక్కునే చోటును యాన్యులస్ అంటారు. కొత్త వాల్వు కూర్చోవాల్సింది అక్కడే, కొలవాల్సిందీ దాన్నే. అయితే అయోర్టిక్ వాల్వు దగ్గర యాన్యులస్ అంటే కోసి చేతికి తీసి చూపించగలిగే భాగం కాదు. మూడు రెక్కలూ గోడకు వంపు తిరిగి అతుక్కుని ఉంటాయి. ఆ మూడు వంపుల అడుగు బిందువులను కలుపుతూ డాక్టర్లు మనసులో గీసుకునే వలయమే యాన్యులస్. పైగా అది నిండు గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. గుండె కొట్టుకునే ప్రతిసారీ ఆ ఆకారం కొంచెం మారుతుంది.

ఎకో, సీటీ: ఒకే వలయానికి మూడు అంకెలు

ఒకాయన యాన్యులస్ ఒకవైపు 27 మిల్లీమీటర్లు, ఇంకోవైపు 21 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. ఛాతీ మీద పెట్టి తీసే మామూలు ఎకో ఒకే తలంలో బొమ్మ చూపిస్తుంది. అందులో సాధారణంగా దొరికేది పొట్టి వైపు వ్యాసం. కాబట్టి రిపోర్టులో 21 అని వస్తుంది.

అదే మనిషికి సీటీ స్కాన్ తీస్తే వలయం మొత్తం కనిపిస్తుంది. దాని వైశాల్యం లెక్క కడితే సుమారు 445 చదరపు మిల్లీమీటర్లు. అంతే వైశాల్యం ఉన్న నిండు వృత్తం గీస్తే దాని వ్యాసం 23.8. వైశాల్యం బదులు చుట్టుకొలత తీసుకుంటే 75.7 మిల్లీమీటర్లు, దాన్ని పై (π, అంటే సుమారు 3.14)తో భాగిస్తే 24.1.

21, 23.8, 24.1. మూడూ సరైనవే, ఒక్కొక్కటి వలయాన్ని ఒక్కో రకంగా చూసింది. ఎకోలో 22 అని రాసి ఉంటే దానర్థం 22 నంబరు వాల్వు వేయాలని కాదు. ఆ తలంలో, ఆ క్షణంలో, ఆ చేతికి దొరికిన దూరం అది.

రెండు మిల్లీమీటర్ల తేడా చిన్నదని కూడా అనుకోకూడదు. రక్తం పోయేది వైశాల్యం గుండా, వైశాల్యం వ్యాసం వర్గంతో పెరుగుతుంది. 19 మిల్లీమీటర్ల వృత్తం వైశాల్యం 2.84 చదరపు సెంటీమీటర్లు, 21 అయితే 3.46. అంకె 2 పెరిగితే దారి 22 శాతం పెరిగింది. ఎకోలో కొలిచే మనిషి అంచును కొంచెం అటో ఇటో పట్టుకున్నా లెక్క ఇంత మారిపోతుంది.

అలాగని ముందు తీసే ఎకో వృథా కాదు. వలయం బాగా చిన్నదిగా ఉందని అది ముందే చెబితే, చిన్న వాల్వుతో సరిపెట్టాలా, వలయాన్ని వెడల్పు చేయాలా అన్నది సర్జన్ సిద్ధం చేసుకుని లోపలికి వెళ్తారు. కింది గది ఎంత పెద్దది, కండ ఎంత మందం కట్టింది అన్నవి కూడా ఎకోలోనే తెలుస్తాయి. ఛాతీ తెరిచి చేసే ఆపరేషన్‌లో వేసే వాల్వు అంకెను మాత్రం తేల్చేది ఎకో కాదు.

ఆపరేషన్ బల్ల మీద సైజర్ ఏం చేస్తుంది

గుండె పనిని హార్ట్‌లంగ్ మెషీన్‌కు అప్పగించి, మందు ఎక్కించి గుండెను ఆపుతారు. ధమనిని తెరిచి పాడైన రెక్కలను కోసేస్తారు. సున్నం గట్టిపడి ఉంటే ఓపిగ్గా గిల్లి తీస్తారు. దీనికి సమయం పడుతుంది, జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఒక ముక్క జారి లోపల పడితే తర్వాత మెదడుకు చేరవచ్చు. సున్నం పోయేదాకా వలయం అసలు ఎంతుందో తెలియదు. ఆపరేషన్‌కు ముందు తీసిన బొమ్మల్లో కనిపించింది సున్నంతో కలిసి ఉన్న వలయం. ఇప్పుడు ఎదురుగా ఉన్నది శుభ్రం చేసిన వలయం.

అప్పుడు సైజర్ల ట్రే తెరుస్తారు. సైజర్ అంటే పొడవాటి పిడికి చివర అమర్చిన కొలత ముక్క. పిడి కొంచెం వంగుతుంది, లేకపోతే లోతుగా ఉన్న వలయంలోకి నేరుగా దించడం కుదరదు. ప్రతి ముక్క మీదా అంకె ఉంటుంది. అయోర్టిక్‌కు 19, 21, 23, 25 ఇలా ఎక్కువగా బేసి అంకెలే నడుస్తాయి. మైట్రల్‌కు 25 నుంచి 33 దాకా వాడకం ఎక్కువ.

చాలా కంపెనీల సైజర్లకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొస స్తూపాకారంలో ఉంటుంది. అసలు వాల్వు ఒళ్ళు వలయంలోంచి పడుతుందా లేదా అన్నది అది చెబుతుంది. రెండో కొస అసలు వాల్వుకు అచ్చు నమూనా. కుట్లు వేసే గుడ్డ అంచు ఎంత మందం ఉంటుందో, వాల్వు కూర్చున్నాక ఎంత ఎత్తు లేస్తుందో అది చూపిస్తుంది. గుండె కండకు రక్తం ఇచ్చే కరోనరీ నాళాల నోళ్ళు అయోర్టిక్ వాల్వుకు కొంచెం పైనే ఉంటాయి. వాల్వు అంచు వాటికి అడ్డం వస్తుందేమో ఈ రెండో కొసతోనే చూసుకుంటారు. నా దృష్టిలో మొదటి కొస కన్నా ఈ రెండోది చెప్పే సమాచారం విలువైనది. వలయంలో పట్టిన ప్రతిదీ పైన సరిగ్గా కూర్చుంటుందన్న హామీ లేదు కదా.

సర్జన్ ఒక సైజుతో మొదలుపెట్టి ఎక్కించుకుంటూ పోతారు. ముక్క వదులుగా పడిపోకూడదు, బలవంతంగా తోయాల్సి రాకూడదు. కొంచెం ఒరుసుకుంటూ దిగాలి. ఆ "కొంచెం" ఎంత అన్నది చేతికే తెలుస్తుంది. ఒకే వలయాన్ని ఇద్దరు సర్జన్లు కొలిస్తే ఒకరు 21, ఇంకొకరు 23 అనడం జరగని పని కాదు.

ఇంకో విషయం కూడా ఉంది. సైజర్ దింపేటప్పుడు గుండె ఆగి, మెత్తగా, లోపల ఒత్తిడి లేకుండా ఉంటుంది. ఎకో తీసినప్పుడు అదే గుండె కొట్టుకుంటూ, రక్తపు ఒత్తిడితో సాగి ఉంది. కుట్ల కింద పెట్టే చిన్న గుడ్డ ముక్కలు కూడా వలయంలో కాస్త చోటు తింటాయి. ఎకో అంకె, సైజర్ అంకె తేడా రావడానికి ఇన్ని కారణాలు ఒకేచోట కలిసి వస్తాయి.

సైజు ఖాయం అయ్యాకే అసలు వాల్వు డబ్బా తెరుస్తారు. రసాయనంలో నిల్వ ఉంచిన టిష్యూ వాల్వు (ఆవు, పంది కణజాలంతో చేసినది) అయితే దాన్ని సెలైన్‌లో కడగాలి. ఒకసారి తెరిచింది ఇంకొకరికి పనికిరాదు. సైజర్లు మాత్రం ఆవిరితో శుద్ధి చేసి మళ్ళీ మళ్ళీ వాడతారు కాబట్టి, వాటి మీద పగులు, అరుగుదల ఉందేమో చూసుకోవడం ఆపరేషన్ థియేటర్ సిబ్బంది పనిలో భాగం.

హెగార్ డైలేటర్లు అనే లోహపు కడ్డీలను కూడా కొందరు సర్జన్లు ఇక్కడ వాడతారు. అవి పుట్టింది గుండె కోసం కాదు, గర్భసంచి ముఖద్వారాన్ని వెడల్పు చేయడానికి. ఆల్ఫ్రెడ్ హెగార్ అనే జర్మన్ స్త్రీవైద్యుడి పేరు మీద అవి నడుస్తున్నాయి. వాటిలో ఒక సుగుణం ఉంది. కడ్డీ మీద 21 అని ఉంటే దాని వ్యాసం నిజంగా 21 మిల్లీమీటర్లే.

డబ్బా మీది అంకె దేని కొలత

కంపెనీల సైజర్ల విషయంలో అంత ధీమాగా చెప్పలేం. గాజుల అంగడిలో 2.4 అని అడిగితే కర్నూలు అయినా కడప అయినా ఒకటే అర్థం: లోపలి వ్యాసం రెండు అంగుళాలా నాలుగు పదహారో వంతులు, అంటే రెండుంబావు. ఆ కొలత లోపలిదే అని అందరూ ఒప్పుకున్నారు. వాల్వుకు అలాంటి ఒప్పందం గట్టిగా కుదరలేదు.

ఒక వాల్వుకు కనీసం మూడు వ్యాసాలు ఉంటాయి. రక్తం పోయే లోపలి రంధ్రానిది ఒకటి. వాల్వు చట్రం బయటి వ్యాసం ఇంకొకటి. గుడ్డ అంచుతో కలిపి మొత్తం వెడల్పు మూడోది. లేబుల్ మీద ఉన్న 21 వీటిలో ఏదో ఒకటి కావచ్చు, ఏదీ కాకపోవచ్చు కూడా. కొన్ని కంపెనీలు తమ వాల్వు ఏ సైజు యాన్యులస్‌లో కూర్చుంటుందో ఆ అంకె వేస్తాయి. కొన్ని చట్రం కొలత వేస్తాయి. కంపెనీల సైజర్లను, వాల్వులను పరికరాలతో స్వయంగా కొలిచి చూసిన సర్జన్లు 1990ల నుంచే ఈ సంగతి వైద్య పత్రికల్లో రాస్తున్నారు: ఒకే అంకె ఉన్న రెండు కంపెనీల వాల్వుల అసలు వ్యాసాలు వేరు.

అందుకే ఒక కంపెనీ సైజర్‌తో కొలిచి ఇంకో కంపెనీ వాల్వు వేయకూడదని ప్రతి కంపెనీ రాస్తుంది. ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే సైజర్ మారవచ్చు. ఒక కంపెనీ 19, ఇంకో కంపెనీ 21 ఒకే మనిషి వలయంలో అచ్చంగా సరిపోవచ్చు. ఆ 19 లోపలి దారి ఆ 21 కన్నా పెద్దదిగా ఉండటం కూడా అసంభవం కాదు. మోడల్ పేరు లేకుండా రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోలిస్తే ఏమీ తేలదు.

వాల్వు ఎక్కడ కూర్చుంటుందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. కొన్ని వాల్వులు వలయం లోపలే ఇరుక్కుని కూర్చుంటాయి. కొన్ని వలయం పైన కూర్చునేలా తయారైనవి. పైన కూర్చునేది వలయంలో చోటు తక్కువ తింటుంది కాబట్టి అదే మనిషికి కొంచెం పెద్ద దారి దొరుకుతుంది.

ఈ గందరగోళం మీద యూరప్, అమెరికా గుండె సర్జన్ల సంఘాలు కలిసి ఒక టాస్క్‌ఫోర్స్ వేసుకున్నాయి. ప్రతి వాల్వు డబ్బా మీద దాని అసలు కొలతలు ఒకే పద్ధతిలో, పట్టిక రూపంలో ఉండాలన్నది వాళ్ళ కోరిక. కంపెనీల వైపు నుంచి కూడా ఒక వాదన ఉంది. ఏళ్ళ తరబడి సర్జన్లు తమ అంకెలకు అలవాటుపడ్డారని, హఠాత్తుగా మారిస్తే థియేటర్‌లో పొరపాట్లు జరగవచ్చని. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ పాత అంకెను ఉంచి, పక్కన అసలు లోపలి వ్యాసం కూడా ముద్రిస్తే ఎవరికీ నష్టం లేదు. వాల్వు మోసేది రోగి. తన గుండెలో ఉన్న వస్తువు కొలత తన కాగితం మీద ఉండాలని కోరడం న్యాయమే.

ఒకే వాల్వు, ఇద్దరు మనుషులు

"చిన్నది వేశారా" అన్న ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. వాల్వు చిన్నదా పెద్దదా అన్నది దాన్ని మోసే ఒంటిని బట్టి ఉంటుంది. పెద్ద ఒంటికి నిమిషానికి ఎక్కువ రక్తం కావాలి, కాబట్టి దారి పెద్దది కావాలి.

దీనికి డాక్టర్లు రెండు కొలతలు వాడతారు. మొదటిది, వాల్వు తెరుచుకున్నప్పుడు రక్తం నిజంగా వాడుకునే దారి వైశాల్యం. ఇది లోపలి రంధ్రం కన్నా ఎప్పుడూ తక్కువే ఉంటుంది. రెండోది, ఒంటి ఉపరితల వైశాల్యం. ఎత్తును సెంటీమీటర్లలో, బరువును కిలోల్లో తీసుకుని, రెంటినీ గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే అది వస్తుంది.

ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మ ఉందనుకుందాం. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 45 కిలోలు. గుణిస్తే 6750, భాగిస్తే 1.875, వర్గమూలం 1.37 చదరపు మీటర్లు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒకాయన ఎత్తు 170, బరువు 75. ఆయనకు అదే లెక్క 1.88 వస్తుంది. ఇద్దరికీ 1.3 చదరపు సెంటీమీటర్ల దారి ఇచ్చే ఒకే మోడల్, ఒకే సైజు అయోర్టిక్ వాల్వు వేశారనుకుందాం.

ఆమెకు: 1.3ను 1.37తో భాగిస్తే 0.95. ఆయనకు: 1.3ను 1.88తో భాగిస్తే 0.69.

అయోర్టిక్ వాల్వు విషయంలో 0.85 కన్నా పైన ఉంటే ఒంటికి వాల్వు సరిపోయినట్టు. 0.85 నుంచి 0.65 మధ్య మధ్యరకం కొరత. 0.65కు దిగితే తీవ్రమైన కొరత. అమ్మకు వాల్వు బాగా సరిపోయింది. ఆయనకు అదే వాల్వు తీవ్రమైన కొరతకు కొద్ది దూరంలో ఆగింది. ఆమెకు 1.2 మాత్రమే ఇచ్చే చిన్న సైజు వేసి ఉన్నా 0.88 వచ్చేది, అదీ సరిపోయేది. పందొమ్మిది అనే అంకె చూసి కంగారు పడ్డ కుటుంబానికి ఈ లెక్క ఎవరైనా ఒక కాగితం మీద వేసి చూపిస్తే చాలా బరువు దిగుతుంది.

ఈ కొరతను ఇంగ్లీషులో ప్రోస్థెసిస్ పేషెంట్ మిస్‌మ్యాచ్ అని, పొడి అక్షరాల్లో పీపీఎం అని అంటారు. 1978లో రహీమ్‌తూలా అనే గుండె వైద్యుడు దీన్ని మొదటిసారి ఒక సమస్యగా విడదీసి చెప్పారు. వేసిన కృత్రిమ వాల్వు దారి మామూలు మనిషి వాల్వు దారి కన్నా తక్కువ ఉంటే, వాల్వు బాగానే పనిచేస్తున్నా గుండె మీద భారం కొంత మిగిలిపోతుందన్నది ఆయన చెప్పిన మాట.

దీని ప్రభావం ఎంత అన్నదాని మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. తీవ్రమైన కొరత ఉన్నవాళ్ళకు ఆయాసం పూర్తిగా తగ్గదని, మందం కట్టిన గుండె కండ సరిగ్గా పలచబడదని, ఆయుష్షు మీద కూడా దెబ్బ పడుతుందని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. మధ్యరకం కొరతకు, ముఖ్యంగా వయసు మళ్ళి ఎక్కువ తిరగని వాళ్ళలో, పెద్ద తేడా కనబడలేదని చెప్పేవీ ఉన్నాయి. లెక్కలోనే ఒక లోపం ఉందన్నది ఇంకో వాదన. లావుగా ఉన్న మనిషి ఒంటి వైశాల్యం కొవ్వు వల్ల పెరుగుతుంది, కానీ కొవ్వుకు కండకు కావాల్సినంత రక్తం అక్కర్లేదు. అందుకే లావుగా ఉన్నవాళ్ళకు 0.70, 0.55 అనే తగ్గించిన గీతలు పెట్టారు. పొలంలో పనిచేసే ముప్పై ఏళ్ళ మనిషికీ, ఇంట్లో ఉండే డెబ్బై ఐదేళ్ళ మనిషికీ ఒకే గీత గీయడం ఎంతవరకు సబబన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

అయితే పెద్దదే వేయొచ్చు కదా?

వలయం ఒప్పుకోని వాల్వును బలవంతంగా దించితే వలయం చిరగవచ్చు. గుండెలో కరెంటు నడిచే తంత్రులు అయోర్టిక్ వలయాన్ని ఆనుకునే వెళ్తాయి. అవి నలిగితే హార్ట్‌బ్లాక్ వచ్చి పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. కరోనరీ నోళ్ళు మూసుకుపోయే ప్రమాదం ముందే చెప్పుకున్నాం. మెకానికల్ వాల్వు (కణజాలంతో కాక గట్టి పదార్థంతో చేసినది) రెక్క గోడకు తగిలి ఇరుక్కుంటే అది వెంటనే ప్రాణం మీదికి వస్తుంది. మరీ చిన్నది వేస్తే కొరత ఒక్కటే కాదు, కుట్లు లాగి వలయానికీ వాల్వుకూ మధ్య సందు పడి రక్తం పక్కనుంచి కారవచ్చు. సైజర్‌తో గడిపే ఆ కొద్ది నిమిషాలకు ఇంత విలువ రావడం ఇందువల్లే.

వలయమే చిన్నదైతే దాన్ని కోసి, అతుకు వేసి వెడల్పు చేసే పద్ధతులు ఉన్నాయి. నిక్స్, కోనో, మనూగియన్ అనే సర్జన్ల పేర్లతో అవి 1970ల నుంచి నడుస్తున్నాయి. ఈ మధ్య అమెరికాలోని మిషిగన్‌లో బో యాంగ్ వై అక్షరం ఆకారంలో కోత పెట్టే పద్ధతిని ముందుకు తెచ్చారు. దాంతో రెండు మూడు సైజులు పెద్ద వాల్వు వేయవచ్చని ఆయన, ఆయనతో పనిచేసేవాళ్ళు చూపిస్తున్నారు. వెడల్పు చేయాలనే వాళ్ళు చెప్పేది, వయసులో ఉన్నవాళ్ళకు ఇది ఒక్కరోజు పని కాదు, ఇరవై ఏళ్ళ భవిష్యత్తు అని. వద్దనే వాళ్ళు చెప్పేది, గుండె ఆగి ఉండే సమయం పెరుగుతుంది, కోసిన చోట రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంటుంది, తరచూ చేసే చేతులకు తేలికైనది అరుదుగా చేసే చేతులకు తేలిక కాదు అని. రెండు వాదనలూ నిజాయితీ ఉన్నవే. బలహీనంగా, పెద్ద వయసులో, చిన్న ఒంటితో ఉన్న మనిషికి చిన్న వాల్వుతో త్వరగా బయటపడటమే మేలు కావచ్చు. బలంగా, పెద్ద ఒంటితో ఉన్న నలభై ఏళ్ళ మనిషి విషయంలో వెడల్పు చేయడం గురించి ఆలోచించకుండా ఉండటం సరైంది కాదని నేననుకుంటాను.

మైట్రల్ దగ్గర లెక్క వేరు

అయోర్టిక్‌లో 25 పెద్ద వాల్వు, మైట్రల్‌లో అదే 25 చిన్నది. మామూలు మైట్రల్ వాల్వు దారి 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది, అయోర్టిక్‌ది 3 నుంచి 4. కాబట్టి కొరత గీతలు కూడా వేరు: మైట్రల్‌కు 1.2 దగ్గర మధ్యరకం, 0.9 దగ్గర తీవ్రం.

ఇక్కడ అతిగా పెద్దది వేయడం వల్ల వచ్చే ప్రమాదాలు మరింత భయపెట్టేవి. మైట్రల్ వలయం వెనక భాగాన్ని ఆనుకుని ఒక కరోనరీ నాళం వెళ్తుంది. పై గది, కింది గది కలిసే ఆ చోట గోడ చిరిగితే కాపాడటం చాలా కష్టం. టిష్యూ వాల్వు రెక్కలను నిలబెట్టే చట్రం కాళ్ళు పొడవుగా ఉండి, కింది గది చిన్నదైతే, అవి రక్తం బయటికి పోయే దారికి అడ్డం పడతాయి. రుమాటిక్ వల్ల మైట్రల్ వాల్వు మూసుకుపోయేది ఆడవాళ్ళలో ఎక్కువ. వాల్వు మూసుకుపోయిన చాలామందిలో కింది గది చిన్నగానే ఉంటుంది. అలాంటి గుండెలో వలయం 29 ఒప్పుకున్నా 27 వేయడం తెలివైన నిర్ణయం కావచ్చు.

వాల్వు మార్చకుండా బెలూన్‌తో తెరిచే చికిత్సలో సైజు లెక్క ఆశ్చర్యపడేంత సులువు. జపాన్ సర్జన్ కాంజి ఇనోవే బెలూన్‌కు ఎక్కువమంది వాడే సూత్రం: ఎత్తును సెంటీమీటర్లలో తీసుకుని పదితో భాగించి, పది కలపాలి. 150 సెంటీమీటర్ల మనిషికి 25 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి మొదలుపెట్టి, ప్రతిసారీ ఎకో చూసుకుంటూ కొంచెం కొంచెం పెంచుతారు.

సైజర్ దించలేని చోట

తొడ రక్తనాళం ద్వారా వాల్వు పంపే తావి చికిత్సను 2002లో ఫ్రాన్స్‌లో అలాన్ క్రిబియే మొదటిసారి మనిషికి చేశారు. ఇందులో ఛాతీ తెరవరు, పాత రెక్కలు కోయరు, సైజర్ దించే వీలే లేదు. కొలత భారమంతా సీటీ మీద పడుతుంది. మొదట్లో చెప్పుకున్న వైశాల్యం, చుట్టుకొలత లెక్కలు ఇక్కడే ప్రాణం పోసుకుంటాయి. కుట్లు లేవు కాబట్టి వాల్వు గోడను నొక్కి పట్టుకుని నిలబడాలి. అందుకే వలయం కన్నా కొంచెం పెద్దది ఎంచుతారు. మరీ పెద్దదైతే వలయం పగులుతుంది, చిన్నదైతే పక్కనుంచి కారుతుంది, జారిపోవచ్చు కూడా. గుజరాత్‌లోని వాపిలో మెరిల్ కంపెనీ తయారుచేసే మైవాల్వ్ 20, 23, 26, 29 తో పాటు 21.5, 24.5, 27.5 మధ్య సైజుల్లో కూడా దొరుకుతుంది. మూడు మిల్లీమీటర్ల ఎడం కొన్ని వలయాలకు మరీ ఎక్కువని వచ్చిన ఆలోచన అది.

ఛాతీ తెరిచి వేసిన టిష్యూ వాల్వు పది, పదిహేనేళ్ళకు అరిగినప్పుడు, ఇప్పుడు చాలామందికి మళ్ళీ ఛాతీ కోయకుండా పాత వాల్వు లోపలే తావి వాల్వు వేస్తున్నారు. అప్పుడు కావాల్సింది పాత లేబుల్ అంకె కాదు, ఆ వాల్వు నిజమైన లోపలి వ్యాసం. ఈ అవసరం చూసి లండన్‌లో పనిచేసిన వినాయక్ బాపట్ అనే భారతీయ సర్జన్ మోడల్ వారీగా అసలు వ్యాసాలు చెప్పే మొబైల్ యాప్‌ను తెచ్చారు. చట్రం లోపలి వైపు ఆవు గుండె పొర రెక్కలు ఉంటే చట్రం వ్యాసంలో సుమారు 1 మిల్లీమీటరు, పంది వాల్వు రెక్కలు ఉంటే సుమారు 2 మిల్లీమీటర్లు తగ్గించాలన్నది ఆయన లెక్క. అలా 21 అని రాసి ఉన్న రెండు వాల్వుల్లో ఒకదాని అసలు లోపలి వ్యాసం 19 కావచ్చు, ఇంకోదానిది 17 కావచ్చు. 19 అయితే లోపల ఇంకో వాల్వు విచ్చుకోవడానికి కొంత చోటు ఉంటుంది. 17 అయితే రెండో వాల్వు పూర్తిగా తెరుచుకోక ఒత్తిడి మిగులుతుంది, మళ్ళీ ఛాతీ తెరిచే ఆపరేషన్ మాట వస్తుంది. ఈ రెంటిలో ఏది లోపల ఉందో చెప్పగలిగేది మొదటి ఆపరేషన్ రోజు అంకె పక్కన రాసిన కంపెనీ పేరు, మోడల్ పేరు మాత్రమే.